బొమ్మ గుర్రాల లైవ్ షోకి మొదటిసారి వెళ్తున్నాం, ఎలా తయారు చేయాలి?

ఒహాయో_నాన్న
మా పాపకి పదకొండేళ్ళు. బ్రయర్ అనే కంపెనీ చేసే ప్లాస్టిక్ గుర్రాల పిచ్చి. పుట్టినరోజుకి ఒకటి, పన్ను ఊడితే ఒకటి, అమ్మమ్మ ఇండియా నుంచి వస్తే ఒకటి... అలా పెద్దవి ఆరు, అరచేతిలో పట్టే బుల్లివి పధ్నాలుగు అయ్యాయి. ఆడుకున్నంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు బళ్ళో స్నేహితురాలు చెప్పిందట, వీటికి పోటీలు కూడా ఉంటాయని. టేబుల్ మీద పెడితే జడ్జి వచ్చి చూసి రిబ్బన్లు ఇస్తారట. మాకు గంటన్నర దూరంలో ఒక ఫెయిర్‌గ్రౌండ్ హాల్లో ఐదు వారాల్లో ఉంది, పిల్లల విభాగం వేరేగా ఉందట. పేరు ఇచ్చేశాను. ఇచ్చాక టెన్షన్ మొదలైంది.

అసలు జడ్జి ఏం చూస్తారు? అన్నీ ఒకే అచ్చులో పోసినవే కదా, ఒకటి గొప్పది ఇంకోటి తక్కువది ఎలా అవుతుంది?

ఇంకో సంగతి. తెల్ల గుర్రం పొట్ట మీద బాల్‌పెన్ గీత ఉంటే తుడుద్దామని వాళ్ళమ్మ నెయిల్ పాలిష్ రిమూవర్ దూదికి అద్ది రుద్దాను. గీత పోయింది. గీతతోపాటు రంగూ పోయింది. కింద ప్లాస్టిక్ మెత్తబడి దూది పీచులు అందులో ఇరుక్కుపోయాయి. చూస్తే గజ్జి పట్టినట్టుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పాప, గుర్రం కాదు.

ఉలవచారు_ఫ్యాన్
ఉలవలు నానబెట్టారా? గుర్రం తినకపోతే చారు పెట్టుకోవచ్చు.

నాలుగో_బెంచి
ఆ రిమూవర్ సీసా మీద చూడండి, అసిటోన్ అని ఉంటుంది. పెద్ద బ్రయర్ గుర్రాలు సెల్యులోజ్ అసిటేట్‌తో చేస్తారు. దాన్ని కరిగించాలంటే ల్యాబ్‌లో మేం వాడేదే అసిటోన్. మీరు తుడవలేదు సార్, కరిగించారు.

ఒహాయో_నాన్న
ఈ ముక్క ఆ ఆదివారం పొద్దున ఎవరైనా చెప్పుంటే...

లెక్సింగ్టన్_లలిత
తొమ్మిదేళ్ళుగా మా అమ్మాయితో షోలకి తిరుగుతున్నాను. మొదటి షోలో మేం చేయని తప్పు లేదు. కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు "ఒకే అచ్చు" సంగతి. అచ్చు ఒకటే, రంగు వేసేది మాత్రం మనుషులు. రెండు సగాలు పోసి అతికిస్తారు, అతుకు గీత అరగదీస్తారు, స్ప్రే గన్‌తో రంగు కొడతారు, కళ్ళు చేత్తో పెడతారు. పొట్ట కింద, కాళ్ళ లోపలివైపు వేలితో తడిమి చూడండి. కొన్నింటికి అతుకు గట్టులా తగులుతుంది, కొన్నింటికి అసలు తెలియదు. తెల్ల సాక్సు (గిట్ట పైన తెలుపు) ఉన్న కాలు దగ్గర గోధుమరంగు తుంపరలు పడ్డాయా? రెండు కళ్ళూ ఒకేవైపు చూస్తున్నాయా, ఒకటి కప్పునీ ఇంకోటి గోడనీ చూస్తోందా? జడ్జి చూసేది ఇవే. అందుకే తెలిసినవాళ్ళు దుకాణంలో ఒకే రకం నాలుగు పెట్టెలు దించుకుని, పక్కపక్కన పెట్టి, పది నిమిషాలు నిలబడి ఒకటి ఎంచుకుంటారు. మనం పట్టుచీర కొనడానికి వెళ్ళినట్టే.

మీ ఇంట్లో ఉన్నవాటిని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి తిప్పి చూడండి. చెవి కొస, జూలు అంచు, గిట్ట ముందువైపు. ముందు అరిగేవి ఆ మూడే. చెవి కొస తెల్లబడి ఉంటే ఇంట్లోనే ఉంచండి, ఎంత ముద్దొచ్చినా సరే.

కడగడం: గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క, మెత్తటి గుడ్డ. నీళ్ళలో ముంచొద్దు. పెద్ద గుర్రాలకి మూతి దగ్గర సన్నని బెజ్జం ఉంటుంది, అందులోంచి నీళ్ళు లోపలికి పోతే బయటికి రప్పించడం మీ వల్ల కాదు. షో రోజు పొద్దున దుమ్ముకి మేకప్ బ్రష్ చాలు. కొత్తది. పౌడర్ అంటినది కాదు.

మీకు సరిపోయే విభాగం "ఒరిజినల్ ఫినిష్ హాల్టర్". ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే, జీను లేకుండా, జాతి ప్రకారం నిలబెట్టడం. తిరిగి రంగు వేసినవి కస్టమ్‌లోకి పోతాయి. కళాకారులు రెజిన్‌తో పోసినవి వేరే, పింగాణీవి వేరే. జీనూ కళ్ళెం వేసి నిజం గుర్రం పని చేస్తున్నట్టు చూపించేది పెర్ఫార్మెన్స్. మొదటిసారి దాని జోలికి వెళ్ళకండి.

కాఫీ_కప్పు
కప్పునీ గోడనీ 😂 ఇప్పుడే వెళ్ళి మా షెల్ఫులో చూశాను. మా వాడిది ఒకటి ఫ్యాన్‌ని చూస్తోంది.

ర్యాంకు_రావు
నా మాట చేదుగా ఉంటుంది. ఒక్కోటి యాభై అరవై డాలర్లు పోసి ప్లాస్టిక్ బొమ్మలు, వాటికి ఎంట్రీ ఫీజు, ఒక శనివారం మొత్తం. ఆ టైములో లెక్కల పోటీకి పంపితే కాలేజీ అప్లికేషన్‌లోనైనా పనికొస్తుంది.

కాఫీ_కప్పు
ప్రతి చర్చలోనూ మీరు తగులుతారేంటండీ. మొన్న పెరుగు తోడుకోవట్లేదంటే కూడా కాలేజీ అప్లికేషన్ అన్నారు.

లెక్సింగ్టన్_లలిత
రావు గారూ, నేను పదో తరగతిలో మెండెల్ బఠాణీలు బట్టీ పట్టాను. పరీక్ష రాసిన సాయంత్రానికే మర్చిపోయాను. మా అమ్మాయి తొమ్మిదో ఏట భోజనాల బల్ల మీద గళ్ళు గీసి చూపించింది: రెండు పాలమినోలని (బంగారు ఒళ్ళు, తెల్ల జూలు) కలిపితే పిల్లల్లో సగం పాలమినో, పావు చెస్ట్‌నట్ (ఎర్ర గోధుమ), పావు క్రెమెల్లో (మీగడ) వస్తాయి, క్రీమ్ జీన్ ఒకటుంటే బంగారం, రెండుంటే మీగడ రంగు అని. ఎవరూ నేర్పలేదు. తన గుర్రానికి చీటీ రాసుకోవాలి, అందుకు నేర్చుకుంది.

ర్యాంకు_రావు
చీటీ అంటే?

లెక్సింగ్టన్_లలిత
దొరికారు.

ప్రతి గుర్రం కాలికి దారంతో చిన్న ట్యాగ్ కడతారు. పేరు, జాతి, ఆడా మగా, మీ ఎంట్రీ నంబరు. జాతి మనమే నిర్ణయించుకోవచ్చు, పెట్టె మీద కంపెనీ ఏది రాసినా సరే. కానీ ఆ ఒళ్ళు, ఆ రంగు ఆ జాతికి కుదరాలి. కుదరకపోతే ఎంత నున్నగా ఉన్నా కిందికి పోతుంది. అరుదైన జాతి రాస్తే పక్కన చిన్న కార్డు మీద దాని ఫోటో, రెండు వాక్యాలు పెట్టాలి. జడ్జికి అన్ని జాతులూ గుర్తుండవు కదా.

ఒహాయో_నాన్న
ఇక్కడే చిక్కొచ్చింది. నిన్న రాత్రి కూర్చుని చీటీలు రాశాం. పాపకి ప్రాణం ఒక పాత బంగారు రంగు గుర్రం, పక్కింటావిడ గరాజ్ సేల్‌లో మూడు డాలర్లకి కొన్నది. జూలు తెలుపు. అది అరేబియన్ అని అందరూ అంటారు. లలిత గారు చెప్పిన లెక్క ప్రకారం అది పాలమినో. సరేనా?

దేశీ_అశ్వం
సరి కాదు. స్వచ్ఛమైన అరేబియన్‌లో క్రీమ్ జీన్ లేదు. పాలమినో అరేబియన్ అని రాస్తే జడ్జి ఆ ట్యాగ్ చదివి ముందుకెళ్ళిపోతారు. పాత రోజుల్లో ఇవన్నీ ఎవరూ పట్టించుకోలేదు, కంపెనీ అరేబియన్ అచ్చుకి బంగారు రంగు కొట్టి అమ్మేసింది. "పార్ట్ అరేబియన్" అని రాయండి. తండ్రి అరబ్బీ, తల్లి ఇంకేదో. అప్పుడు రంగు చెల్లుతుంది.

ఒహాయో_నాన్న
పాపకి చెప్పాను. "అంటే దీనికి మమ్మీ వేరే ఊరా?" అంది. అవునన్నాను. ఒప్పుకుంది. ఇంకోటి, బే రంగుది ఉంది. నల్ల జూలు, గోధుమ ఒళ్ళు. దాన్ని ఇండియా గుర్రం చేయాలట, "మార్వాడీ" అని రాయమంటోంది.

దేశీ_అశ్వం
చెవులు చూడండి. మార్వాడీకి రెండు చెవులూ లోపలికి వంపు తిరిగి కొసలు ఒకదాన్నొకటి తాకుతుంటాయి, పైన చిన్న తోరణం కట్టినట్టు. జోధ్‌పూర్ వైపు మార్వాడీకీ, సౌరాష్ట్ర కాఠియావాడీకీ గుర్తు అదే. మీ బొమ్మకి చెవులు నిటారుగా ఉంటే ఎన్ని కార్డులు పెట్టినా మార్వాడీ కాదు.

ఒహాయో_నాన్న
నిటారుగా ఉన్నాయి. ఇల్లంతా ఏడుపు.

ఉలవచారు_ఫ్యాన్
పోనీ కొండపల్లి గుర్రం పెట్టండి. పక్కా మనది. చెవులు ఎలా ఉన్నా ఎవడూ అడగడు.

గోదారి_పిల్ల
నవ్వుతున్నారు కానీ నాకూ అదే డౌటు. మా అత్తగారి బొమ్మల కొలువులో పొనికి చెక్క గుర్రం ఉంది, మీద రాజుగారు కూడా. పెట్టకూడదా?

లెక్సింగ్టన్_లలిత
హాల్టర్‌లో చూసేది నిజం గుర్రం ఒళ్ళు: మోకాలు ఎక్కడ వంగుతుంది, మెడ ఎక్కడ కలుస్తుంది. కొండపల్లి గుర్రం అందమే వేరు, మనిషిలా నవ్వుతుంది. ఈ టేబుల్ మీద దానికి న్యాయం జరగదు. కొలువులోనే రాజుగారితో ఉండనివ్వండి.

సైనిక్‌పురి_సవారీ
హైదరాబాద్ నుంచి. మా చుట్టుపక్కల లైవ్ షో నేనెప్పుడూ చూడలేదు, ఫోటో షోలకి పంపుతుంటాను. అమెరికాలోనూ ఒకప్పుడు ఫోటోలు కవర్లో పెట్టి పోస్టు చేసేవాళ్ళు, ఇప్పుడు ఆన్‌లైన్‌లో నడుస్తున్నాయి. మీ పాప షోకి ముందు ఇది ఒకసారి చేస్తే లాభం. ఫోటో తీస్తే మన కంటికి తప్పిపోయిన గీత కూడా కనబడుతుంది.

కెమెరాని గుర్రం కంటి ఎత్తుకి దించాలి. పైనుంచి తీస్తే బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. నేను బాల్కనీలో పొద్దున ఏడింటికి నేల మీద బోర్లా పడుకుని తీస్తాను, పనమ్మాయి ఇప్పటికి అలవాటు పడింది. గడ్డిలో పెట్టొద్దు, పెద్ద గుర్రం అసలులో తొమ్మిదో వంతు. మామూలు గరిక దాని మోకాలు దాటి చెరుకుతోటలా కనిపిస్తుంది. జల్లించిన సన్న ఇసుక నయం.

కాఫీ_కప్పు
బుల్లివి ఎన్నో వంతు?

సైనిక్‌పురి_సవారీ
స్టేబుల్‌మేట్లు ముప్ఫై రెండో వంతు. 1975 నుంచి చేస్తున్నారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇవే మేలు. ఐదారు డాలర్లు, చొక్కా జేబులో పడతాయి, పాడైనా గుండె ఆగదు.

గరాజ్_సేల్_గిరి
పాత గుర్రాల మాట వచ్చింది కాబట్టి. నాకు ఒక తెల్ల గుర్రం దొరికింది, వెనకటిది, మీద గొలుసు పగ్గాలతో. పసుపు పచ్చగా అయిపోయింది, పసుపు నీళ్ళలో ముంచినట్టు. ఏం చేయాలి?

లెక్సింగ్టన్_లలిత
గొలుసు పగ్గాలూ జీనూ ఉంటే వెస్టర్న్ హార్స్ అయ్యుండొచ్చు. బ్రయర్ వాళ్ళు చేసిన మొదటి గుర్రం అదే, 1950లో, షికాగోలో. ఒక గడియారాల కంపెనీ కోసం గడియారం పక్కన నిలబెట్టడానికి చేశారు. జనం గడియారం కంటే గుర్రాన్నే ఎక్కువ అడిగారు. తర్వాత చాలా ఏళ్ళు చేశారు కాబట్టి పాతది అనగానే నిధి అనుకోకండి.

పాత అసిటేట్ తెలుపు పసుపెక్కడం మామూలే. కిటికీలో ఎండ తగిలేలా వారాల తరబడి పెడితే చాలావరకు తెల్లబడుతుంది. కిటికీ లోపల. కారు డాష్‌బోర్డు మీద కాదు.

గరాజ్_సేల్_గిరి
ఎండే కదా, తేడా ఏంటి?

డాలస్_బాబాయ్
తేడా నేను చెప్తా. టెక్సస్‌లో జులై, మా అమ్మాయి గుర్రం వెనక సీట్లో. షాపింగ్ చేసి గంటకి వచ్చాం. గుర్రం సాష్టాంగం పడి ఉంది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి. అసిటేట్ వేడికి మెత్తబడుతుంది. తర్వాత మరిగించిన నీళ్ళలో కాలు ఒక్కటే అర నిమిషం ముంచి, చేత్తో తిన్నగా పట్టుకుని, చల్లనీళ్ళలో పెట్టి గట్టిపరిచాం. మూడు కాళ్ళు వచ్చాయి. నాలుగోది ఇప్పటికీ కొంచెం డాన్స్ చేస్తుంది.

ఒహాయో బ్రదర్, అందుకే షోకి తీసుకెళ్ళేటప్పుడు ట్రంకులో వేయొద్దు, ఏసీ ఉన్న చోట పెట్టండి. బబుల్ ర్యాప్ నేరుగా చుట్టొద్దు, వేడికి ఆ బుడగల గుండ్రాలు రంగు మీద ముద్ర పడతాయి. ముందు మెత్తటి గుడ్డ, పైన ఏదైనా.

గోదారి_పిల్ల
బుల్లివాటికి పసిపిల్లల సాక్సులు. ఒక్కో గుర్రానికి ఒక సాక్సు. జత పోయిన సాక్సులు ప్రతి ఇంట్లో ఉంటాయి, ఇన్నాళ్ళకి వాటికి పని దొరికింది.

ఒహాయో_నాన్న
రెండు వారాలే ఉంది. కొత్త సమస్య. మా అత్తగారు దిగారు. విషయం విని, పెళ్ళి గుర్రం చేద్దాం అన్నారు. బరాత్ గుర్రం. పెర్ఫార్మెన్స్‌లో కాస్ట్యూమ్ పోటీ ఉంటుందని పాప చెప్పేసింది. పాత పట్టుచీర జరీ అంచు కత్తిరించి గుర్రానికి ఝూలు (వీపు మీద కప్పే గుడ్డ) కుట్టేశారు. రాత్రి పదకొండుకి కుట్టుమిషన్ చప్పుడు. లలిత గారు వద్దన్నారని చెప్తే "ఆవిడెవరు?" అన్నారు.

లెక్సింగ్టన్_లలిత
అమ్మమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. మాట వెనక్కి తీసుకోను, కానీ అది ఎలా ఉందో చెప్పండి.

ఒహాయో_నాన్న
మెరిసిపోతోంది. కానీ ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియట్లేదు.

సైనిక్‌పురి_సవారీ
అంచు మీద మామిడి పిందెలు ఉన్నాయా? ఒక్కోటి ఎంత?

ఒహాయో_నాన్న
ఉన్నాయి. అంగుళంన్నర.

సైనిక్‌పురి_సవారీ
అంగుళంన్నరని తొమ్మిదితో హెచ్చవేయండి. నిజం గుర్రం మీద పదమూడున్నర అంగుళాల మామిడి పిందె. అంటే భోజనం పళ్ళెం అంత. తేడా అదే. ఝూలు ఒళ్ళు సాదా పట్టుగుడ్డతో ఉంచి, అంచుకి బ్లౌజుకి వేసే సన్న గోటా లేసు కుట్టమనండి. మందం కూడా చూడండి, జరీ అంచు బిరుసుగా ఉండి గుర్రం ఒంటికి అతుక్కోదు, డేరాలా నిలబడుతుంది.

డాలస్_బాబాయ్
కళ్ళెం సంగతి మర్చిపోకండి. ముక్కు పట్టీ మూతికి ఆనుకోవాలి, గాల్లో తేలకూడదు. పొట్ట కింద పట్టీకీ ఒంటికీ మధ్య సందు ఉండకూడదు. ఆగని చోట మ్యూజియం వ్యాక్స్ అని జిగురు మైనం దొరుకుతుంది, బఠాణీ గింజలో పావు చాలు. తర్వాత తుడిస్తే వచ్చేస్తుంది. ఫెవిక్విక్ వద్దు!! నెయిల్ పాలిష్ రిమూవర్ తర్వాత మీ చేతిలో ఫెవిక్విక్ ఊహించుకుంటేనే భయంగా ఉంది.

ర్యాంకు_రావు
పొట్ట పట్టీ బిగుతు, మామిడి పిందె స్కేలు... ఇంత ఉందా ఇందులో.

కాఫీ_కప్పు
రావుగారు మెత్తబడుతున్నారు. ఎవరైనా వేడి నీళ్ళలో పెట్టారా?

ఒహాయో_నాన్న
వెళ్ళొచ్చాం. ఇప్పుడే ఇంటికి. రిపోర్టు.

పొద్దున ఏడున్నరకి హాలు. పొడుగాటి బల్లలు, మనిషికి ఒక బల్ల. మధ్యలో పోటీ బల్లలు. క్లాసు పేరు పిలుస్తారు, ఆ జాతి గుర్రాన్ని తీసుకెళ్ళి పెట్టి, ట్యాగ్ సర్ది, వెనక్కి రావాలి. పక్కవాళ్ళ గుర్రాన్ని ముట్టుకోకూడదు, పడిపోతున్నా సరే వాళ్ళనే పిలవాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నా జాకెట్ చేయి ఒక గుర్రం తోకకి తగిలింది. అది ఊగింది. మొత్తం వరస ఊపిరి బిగబట్టింది. అది నిలబడింది. నేను జాకెట్ విప్పి కారులో పెట్టి వచ్చి, మిగతా రోజంతా చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను.

బంగారు గుర్రానికి పార్ట్ అరేబియన్‌లో తొమ్మిదింటిలో నాలుగో స్థానం. మూడు డాలర్ల గుర్రం! జడ్జిగారు తర్వాత పాపని పిలిచి, జాతి సరిగ్గా రాశావు, ఇవాళ ఇద్దరు పెద్దవాళ్ళు ఇక్కడే తప్పు చేశారు అని చెప్పారు. దేశీ_అశ్వం గారూ, ఆ రిబ్బన్‌లో సగం మీదే.

బే గుర్రానికి ఏమీ రాలేదు, చెవి కొస అరిగింది, నాకు కనబడలేదు. పెళ్ళి గుర్రానికి ఆరో స్థానం. గోటా లేసు బాగుందన్నారు, కానీ పగ్గాలు మరీ లావుగా ఉన్నాయన్నారు. అత్తగారు కారులో వచ్చేదారి పొడుగునా పగ్గాలకి ఏ దారం వాడాలో ఆలోచిస్తున్నారు.

లెక్సింగ్టన్_లలిత
మొదటి షోలో రెండు రిబ్బన్లు! మాకు మొదటిసారి ఒక్కటీ రాలేదు. అమ్మమ్మగారికి చెప్పండి, నేను ఓడిపోయాను. జులైలో ఇక్కడ కెంటకీ హార్స్ పార్క్‌లో బ్రయర్‌ఫెస్ట్ ఉంటుంది, 1990 నుంచి జరుగుతోంది. వస్తే పప్పు, దోసకాయ పచ్చడి నాది. నామ్సా (ఉత్తర అమెరికా బొమ్మ గుర్రాల షోల సంఘం) షోల్లో మొదటి రెండు స్థానాల్లో వస్తే నేషనల్స్‌కి కార్డు ఇస్తారు, ఆ కథ అప్పుడు చెప్తాను.

ఒహాయో_నాన్న
వస్తాం. ఇంకో మాట చెప్పడం మర్చిపోయాను. హాల్లో ఒక మూల పెద్దావిడ బల్ల మీద బోర్డు: "బాడీలు. ఒక్కోటి ఐదు డాలర్లు." మా అత్తగారికి కాస్త ఇంగ్లీషు వస్తుంది. ఆవిడ ఆగిపోయి నా చెయ్యి పట్టుకున్నారు.

ఉలవచారు_ఫ్యాన్
😂😂😂 నాకూ ఇప్పుడు చెమటలు పట్టాయి

డాలస్_బాబాయ్
రంగు పాడైనవీ విరిగినవీ తిరిగి రంగు వేసుకోవడానికి అమ్మితే వాటిని బాడీలంటారు. కస్టమ్ చేసేవాళ్ళకి అదే ముడిసరుకు.

ఒహాయో_నాన్న
అవును, పాప వివరించింది. వివరించాక నావైపు చూసి, "నాన్నా, మనింట్లో కూడా ఒక బాడీ ఉందిగా" అంది. గజ్జి గుర్రం. వచ్చే ఏడు దాన్ని కస్టమ్‌లో పెడుతుందట. నేను అరగదీసి పెట్టాలి, అది నా శిక్ష. సాండ్‌పేపర్ 120 తెచ్చాను, సరిపోతుందా?

నాలుగో_బెంచి
120తో గుర్రం కాదు, తలుపు రుద్దుతారు. ముందు ఆ దూది పీచులు బ్లేడుతో గీకి తీసేయండి, గుంట పడితే ఎపాక్సీ పుట్టీతో పూడ్చి ఒక రోజు వదిలేయండి. తర్వాత 400, నీళ్ళతో తడిపి, మెల్లగా. ఆఖరికి 600. దుమ్ము పీల్చొద్దు, మాస్కు.

ఒహాయో_నాన్న
పుట్టీ మీద వేలిముద్రలు పడితే?

నాలుగో_బెంచి
తడి వేలితో నిమరండి. నీటితో. మీ ఇంట్లో ఇంకే సీసా ముట్టుకోవద్దు.